ఏం చూస్తున్నారని అడగండి: గ్రంథాలయంలో ‘మేం మెచ్చినవి’ షెల్ఫ్ పెట్టడం ఎలా

హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల, భూపాలపల్లి... ఎక్కడి గ్రంథాలయానికి పోయినా జనానికి కొదవ లేదు. పేపర్ హాల్లో రిటైరైన పెద్దమనుషులు ఉంటారు. లోపలి హాల్లో గ్రూప్స్‌కో కానిస్టేబుల్ పరీక్షకో చదివే పిల్లలు ఉంటారు. చెట్టు కింద కూడా కుర్చీలు వేసుకొని చదువుకుంటుంటారు. నవలలు, కథల బీరువాల దగ్గర మాత్రం ఫ్యాను గాలి తప్ప ఏమీ కదలదు. ఆ బీరువాల్లోని పుస్తకాలు పెద్దవాళ్ళ చేతుల్లోకి వెళ్ళాలంటే సిబ్బందే నోరు తెరిచి ‘ఇది చదవండి, బాగుంటది’ అని చెప్పాలి. పుస్తకంతో పాటు ఒక సినిమానో, టీవీ ధారావాహికనో కలిపి చెబితే పని ఇంకా తేలికవుతుంది. అలాంటి షెల్ఫ్ ఒకటి ఎలా పెట్టాలో, ఎలా నడపాలో ఇక్కడ రాస్తున్నాను. శాఖా గ్రంథాలయంలో పనిచేసేవాళ్ళకూ, కాలనీలో చిన్న పఠనాలయం నడిపేవాళ్ళకూ ఇదే పద్ధతి సరిపోతుంది.

మొదలు రిజిస్టర్లు తీయండి

చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. తమకు ఇష్టమైన పది పుస్తకాల పేర్లు చార్టు మీద రాసి గోడకు అంటిస్తారు. పాఠకుడు వచ్చి అడిగితే అందులో సగం బీరువాలో ఉండవు. రెండోసారి ఆ చార్టు వైపు ఎవరూ చూడరు. అందుకే ముందు ఇష్యూ రిజిస్టర్ ముందేసుకొని, ఈ ఏడాదిలో ఇంటికి వెళ్ళిన కథలు, నవలలు, ఆత్మకథలు ఏవో చూడండి. తరువాత బీరువా దగ్గరికి వెళ్ళి ఒక్కో పుస్తకం చేత్తో తీసి చూడండి. విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లు ఇచ్చే డ్యూయీ పద్ధతిలో సర్దిన చోట తెలుగు సాహిత్యం 894.827 నంబరు కింద ఉంటుంది. అట్ట ఊడిందా, మధ్యలో పేజీలు పోయాయా, అక్షరం మరీ సన్నగా ఉందా చూసుకోండి. అరవై దాటినవాళ్ళకు సన్నక్షరాల పుస్తకం ఇస్తే వారం తరువాత అట్లాగే తెచ్చి పెడతారు, కారణం కూడా చెప్పరు.

పాత గ్రంథాలయాల్లో ఒక జాగ్రత్త కావాలి. హనుమకొండలోని రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లో పుట్టింది. అంత వయసున్న చోట ఇప్పుడు అచ్చులో లేని ముద్రణలు ఉంటాయి. అవి అక్కడే కూర్చొని చూసుకోవాల్సినవి, ఇంటికి ఇచ్చేవి కావు. ఎంత మంచివైనా ఈ షెల్ఫ్‌లో పెట్టకండి. చేతిలో పెట్టి ‘తీసుకెళ్ళండి’ అనగలిగినవే ఇక్కడికి రావాలి.

మొదటిసారి ఎనిమిదో పదో చాలు. ముప్పై పెడితే అది ఇంకో బీరువా అవుతుంది.

ఎవరు చెప్పాలి

లైబ్రేరియన్ ఒక్కరే కాదు, పనిచేసే ప్రతి ఒక్కరూ చెప్పాలి. అటెండర్, కౌంటర్ దగ్గర కూర్చునే ఔట్‌సోర్సింగ్ అమ్మాయి, రాత్రి తాళం వేసే వాచ్‌మన్ అందరూ. వాచ్‌మన్ డిటెక్టివ్ నవలలు తప్ప ఇంకేమీ చదవనంటే మరీ మంచిది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలల గురించి ఆయన చెప్పినంత ఉత్సాహంగా ఎమ్మే చదివినవాళ్ళు చెప్పలేరు. చీటీ కింద చెప్పినవాళ్ళ పేరు ఉండాలి, ‘సిబ్బంది’ అని రాసి వదిలేయొద్దు. ఎవరు చెప్పారో తెలిస్తే పాఠకుడు నేరుగా వాళ్ళ దగ్గరికే వెళ్ళి ‘నువ్వు చెప్పినవు గదా, ఇట్లుందేంది?’ అని అడుగుతాడు. మనకు కావాల్సింది ఆ మాటే.

దీనికి ఒక్కటే నియమం: పూర్తిగా చదవనిది, పూర్తిగా చూడనిది చెప్పొద్దు. ఎవరో గొప్పదన్నారని, అవార్డు వచ్చిందని చెప్పేవి మొదటి ప్రశ్నకే దొరికిపోతాయి.

అడగాల్సిన ప్రశ్న

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన భాగం, కాస్త ఓపిగ్గా చదవండి.

కౌంటర్ దగ్గరికి ఒకావిడ వచ్చి ‘ఏదన్న మంచి బుక్కు ఉంటే ఇయ్యి బిడ్డా’ అంటుంది. మనం వెంటనే ‘ఏం చదువుతారమ్మా?’ అంటాం. ఆ ఒక్క ప్రశ్నతో ఆమె వెనక్కి తగ్గుతుంది. పదో తరగతి తరువాత పుస్తకం పట్టని మనిషికి అది పరీక్షలా వినిపిస్తుంది. అదే ‘టీవీల ఏం చూస్తున్నరు పెద్దమ్మా?’ అని అడగండి. ఇక ఆపడం మన వల్ల కాదు. ఏ సీరియల్, అందులో ఏ కోడలు, ఏ మామ, ఎక్కడ విసుగొచ్చి చానెల్ మార్చింది అన్నీ చెబుతుంది. మనకు కావాల్సినదంతా అందులోనే ఉంటుంది.

అమెరికాలోని సియాటిల్‌లో నాన్సీ పెర్ల్ అనే లైబ్రేరియన్ దీనికి ఒక మంచి లెక్క చెప్పింది. పాఠకుడు పుస్తకంలోకి నాలుగు తలుపుల్లో ఏదో ఒకదాని గుండా వస్తాడు: కథ, మనుషులు, చోటు, భాష. పెద్దమ్మ సీరియల్ గురించి చెబుతున్నప్పుడు ఏ తలుపు దగ్గర నిలబడి ఉందో వినండి. ‘తరువాత ఏమైతదో అని నిద్ర పట్టదు’ అంటే కథ. ‘ఆ పిల్ల అచ్చం మా బిడ్డె లెక్కనే’ అంటే మనుషులు. ‘ఆ ఊరు, ఆ ఇండ్లు చూస్తె పానం లేచొస్తది’ అంటే చోటు. ‘ఏం మాట్లాడుతరు వాళ్ళు!’ అంటే భాష. విషయం ఒకటే అయినంత మాత్రాన పుస్తకం కుదరదు, తలుపు కుదరాలి. వ్యవసాయం మీద సినిమా నచ్చినవాళ్ళకు వ్యవసాయం మీద నవల ఇస్తే నచ్చుతుందని హామీ ఏమీ లేదు.

మన దగ్గర పనికొచ్చే కొన్ని జోడీలు చెబుతాను. వీటిని నకలు కొట్టకుండా మీ బీరువాను బట్టి మార్చుకోండి.

‘బలగం’ (2023) చూసి ఏడ్చినవాళ్ళు ఎక్కువమంది మనుషుల తలుపు గుండా వచ్చినవాళ్ళు. ఇంట్లో ఒకరి చావు, పిట్ట ముట్టకపోవడం, పాత పగలు. వాళ్ళకు పెద్దింటి అశోక్‌కుమార్ నవల ‘జిగిరి’ ఇవ్వండి. ఎలుగుబంటిని ఆడించి బతికే కుటుంబం అది. ఎలుగును వదిలించుకుంటే భూమి వస్తుందన్న ఆశ ఇంట్లోకి చొరబడి మనుషులను విడదీస్తుంది. నవల సన్నదే, రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. మన మాట, మన ఊరు. చీర నేతకు ముందు దారం చుట్టే ఆసు యంత్రం మీద వచ్చిన ‘మల్లేశం’ (2019) సినిమాకు మాటలు రాసింది కూడా ఈయనే. కొత్తవాడ దర్రీ మగ్గాల ఇళ్ళ నుంచి వచ్చే పాఠకులకు ఆ మాట చెబితే చాలు, పుస్తకం చేతిలోకి తీసుకుంటారు.

‘మా భూమి’ చూసిన పాత తరం వాళ్ళు ఇంకా ఉన్నారు. బి. నర్సింగరావు నిర్మించగా గౌతమ్ ఘోష్ తీసిన ఆ సినిమాకు మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల. వాళ్ళకు వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ రెండూ చూపించండి. నిజాం కాలపు ఊరు, గడీ, వెట్టి రెంటిలోనూ ఉన్నాయి. మొదటిది నేరుగా, ఉద్యమకారుడి గొంతుతో సాగుతుంది. రెండోదానిలో కథ పట్టు ఎక్కువ. సినిమా బాగా గుర్తున్నవాళ్ళకు నేనైతే రెండోదే ముందు ఇస్తాను.

‘పాడుతా తీయగా’ ఒక్క ఎపిసోడ్ కూడా వదలని పెద్దమనిషి ప్రతి కాలనీలో ఉంటాడు. ఆయనకు ఆదిలాబాద్ ప్రాంతపు సామల సదాశివ రాసిన ‘స్వరలయలు’ ఇవ్వండి. హిందుస్తానీ సంగీతం మీద వ్యాసాలే అయినా ముచ్చట చెప్పినట్టు ఉంటాయి. 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన పుస్తకం ఇది. ఆ సంగతి మాత్రం ఆయన చదివి తిరిగి తెచ్చాక చెప్పండి. పురస్కారం అంటే కష్టంగా ఉంటుందని భయపడేవాళ్ళు ఎక్కువ. అది నచ్చితే అదే రచయిత ‘యాది’ తరువాత వంతు.

నైంటీస్ మధ్యతరగతి ఇంటి వెబ్ సిరీస్ నచ్చిన ముప్పై, నలభై ఏళ్ళ వాళ్ళకు ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ బాగా అతుకుతాయి. చేతిలో డబ్బులు తక్కువ, ఇంట్లో ప్రేమ ఎక్కువ, మధ్యలో పిల్లవాడి చూపు. ఇవి కావలి వైపు భాషలో ఉంటాయి. మొదటి రెండు పేజీలు కొత్తగా అనిపించినా తరువాత అలవాటవుతుందని ముందే చెప్పి ఇవ్వండి.

దూరదర్శన్ కాలం వాళ్ళకు ‘మాల్గుడి డేస్’ పేరెత్తితే మొహం వెలుగుతుంది. వాళ్ళ తలుపు చోటు. సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ చూపించండి. చిన్న చిన్న కథలు, ఒక్కోటి పది నిమిషాల్లో అయిపోతుంది. ఈ కథలను శ్యామ్ బెనెగల్ దూరదర్శన్ కోసం హిందీలో ధారావాహికగా తీశాడు. మొత్తం పుస్తకం చదవాల్సిన పని లేదని, ఏ కథైనా తెరవొచ్చని చెప్పండి. పెద్దవాళ్ళకు ఆ సౌకర్యం చాలా నచ్చుతుంది.

ఒక జోడీ విషయంలో కొంచెం ఆలోచించాలి. రామాయణం ధారావాహిక చూసేవాళ్ళకు ఓల్గా ‘విముక్త’ కథలు ఇవ్వాలని చాలామందికి తోస్తుంది. సీత జీవితంలో శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ ఎదురయ్యే కథలు అవి. గట్టి పుస్తకం. భక్తితో చూసేవాళ్ళలో కొందరికి మాత్రం ఇది నొప్పి కలిగిస్తుంది. కాబట్టి దాచకుండా ‘ఇది ఆడవాళ్ళ వైపు నుంచి అడిగిన ప్రశ్నలమ్మా, టీవీలో చూసినట్టు ఉండదు’ అని ఒక్క మాట చెప్పి, తీసుకోవాలో వద్దో వాళ్ళకే వదిలేయండి. అట్లా చెబితే అనుకోనివాళ్ళు కూడా తీసుకుంటారు.

పోటీ పరీక్షల పిల్లలను వదిలేయకండి. వాళ్ళకు నవల పట్టుకుంటేనే టైమ్ వేస్ట్ అన్న టెన్షన్. రాజ్యాంగ సభ చర్చల మీద బెనెగల్ రాజ్యసభ టీవీకి తీసిన ‘సంవిధాన్’ (2014) పది భాగాలు చూడమనండి. పాలిటీ సిలబస్‌కు పనికొస్తుంది కాబట్టి మనసు పీకదు. ఆ నమ్మకం కుదిరాక నవీన్ ‘అంపశయ్య’ చూపించండి. వాళ్ళలాగే హాస్టల్లో ఉండి, చేతిలో పైసలు లేక, తల నిండా ఆలోచనలతో నలిగే విద్యార్థి ఒక్క రోజు కథ అది.

చీటీ రాయడం

పోస్ట్‌కార్డు సైజు అట్ట ముక్క చాలు. తెలుగులో, స్కెచ్ పెన్నుతో, మూడడుగుల దూరం నుంచి చదవగలిగేంత పెద్దగా రాయండి. నాలుగైదు వాక్యాలు దాటితే నిలబడి చదివేవాళ్ళు ఉండరు. ‘అద్భుతం’, ‘తప్పక చదవాల్సిన పుస్తకం’, ‘హృదయాన్ని తాకే రచన’ అనే మాటలు ఏ పుస్తకానికైనా అతుకుతాయి కాబట్టి ఏ పుస్తకం గురించీ ఏమీ చెప్పవు. వాటిని మొత్తంగా మానేయండి.

చీటీలో ఉండాల్సినవి: కథ ఎక్కడ మొదలవుతుందో ఒక వాక్యం, ఎవరికి నచ్చుతుందో ఒక వాక్యం, ఎవరికి నచ్చకపోవచ్చో ఇంకొకటి. ఈ మూడోది రాయడానికి మొహమాటపడతారు గానీ నమ్మకం కుదిరేది దాని వల్లే. ‘అంపశయ్య’కు చీటీ ఇట్లా ఉండొచ్చు:

‘ఉస్మానియా హాస్టల్లో రవి నిద్ర లేచిన దగ్గర మొదలై ఒక్క రోజులో ముగుస్తుంది. పరీక్షల భయం, డబ్బుల బాధ తెలిసినవాళ్ళు తమను తాము చూసుకుంటారు. కథ పరుగెత్తాలని కోరుకునేవాళ్ళకు నెమ్మదిగా అనిపిస్తుంది. రచయిత మన వరంగల్ ఆయనే.’

కింద చెప్పినవాళ్ళ పేరు, పుస్తకం పేజీల సంఖ్య, అక్షరం పెద్దదా చిన్నదా. అంతే. ముగింపు మాత్రం చెప్పొద్దు. డిటెక్టివ్ నవలకు చీటీ రాసేవాళ్ళకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పండి, ఉత్సాహంలో దొంగ ఎవరో రాసేస్తారు.

సగం చదివి ఆపేయడం తప్పు కాదని కూడా షెల్ఫ్ మీద ఎక్కడో రాసి పెట్టండి. దీనికీ నాన్సీ పెర్ల్ చెప్పిన సూత్రమే ఉంది. యాభై ఏళ్ళ లోపు వాళ్ళు యాభై పేజీలు చదివి, నచ్చకపోతే ఆపేయొచ్చు. యాభై దాటినవాళ్ళు వందలోంచి తమ వయసు తీసేసి, మిగిలినన్ని పేజీలు చదివితే చాలు. డెబ్బై ఏళ్ళ ఆయనకు ముప్పై పేజీలే. ఈ లెక్క చెబితే పెద్దవాళ్ళు నవ్వి మరీ పుస్తకం తీసుకుంటారు.

టీవీ, ఓటీటీల సంగతి

సినిమాకో సిరీస్‌కో చీటీ రాస్తే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ‘ఇంట్ల అందరితోని కూసొని చూడొచ్చా?’ దానికి జవాబు చీటీ మీదే ఉండాలి. 2021 నిబంధనల ప్రకారం ఓటీటీ వేదికలు ప్రతి కార్యక్రమానికీ యూ, యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+, ఏ అని వర్గం చూపాలి. ఆ గుర్తు రాయండి. గుర్తు ఒక్కటే చాలదు కాబట్టి ‘బూతు మాటలు ఉన్నాయి’, ‘రక్తం ఎక్కువ’, ‘తాగుడు సీన్లు ఉన్నాయి’ అని మామూలు మాటల్లో కూడా రాయండి. ఎన్ని భాగాలు, ఒక్కోటి ఎంతసేపు, ఏ భాషలో ఉంది అన్నవి తరువాత. దూరదర్శన్‌లో వచ్చిన చరిత్ర ధారావాహిక ‘భారత్ ఏక్ ఖోజ్’ చూడమని ఊరికే చెబితే సరిపోదు, అది 53 భాగాలు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏవి వదిలేసినా పరవాలేదో కూడా చెప్పాలి.

ఏ యాప్‌లో ఉందో పెన్సిల్‌తో రాసి పక్కన తేదీ వేయండి. ఈ నెల ఒక యాప్‌లో ఉన్నది వచ్చే నెల ఇంకోదాంట్లోకి పోతుంది. డబ్బు కట్టే యాప్ లేని ఇళ్ళ కోసం కనీసం సగం సిఫారసులు ఉచితంగా దొరికేవి ఉండేలా చూడండి. ప్రసార భారతి యూట్యూబ్‌లో దూరదర్శన్ పాత కార్యక్రమాలు కొన్ని పెట్టింది, 2024 నవంబరులో వేవ్స్ అనే సొంత ఓటీటీ కూడా తెచ్చింది.

ఒక్కటి మాత్రం చేయొద్దు. సిబ్బందిలో ఎవరి సొంత అకౌంటుతోనో గ్రంథాలయం హాల్లో సిరీస్ వేసి చూపించొద్దు. ఆ చందా ఇంట్లో చూసుకోవడానికే, పదిమందికి ప్రదర్శించాలంటే హక్కులున్నవాళ్ళ అనుమతి కావాలి. దొంగ కాపీల టెలిగ్రామ్ లింకులు అడిగేవాళ్ళు కూడా తప్పకుండా వస్తారు. నవ్వి ‘మా దగ్గర పుస్తకాలే ఉంటాయన్నా’ అనండి.

కవిగారు తన పుస్తకంతో వచ్చినప్పుడు

ఓరుగల్లులో కవులకు కొదవ లేదు. షెల్ఫ్ పెట్టిన వారంలోనే ఒకాయన సంచిలో ఐదు కాపీలతో వస్తారు. ‘ఇది కూడ పెట్టున్రి సార్’ అంటారు. ఆయన మనకు బడిలో పాఠం చెప్పిన సారే అయి ఉండొచ్చు. కాదనడం కష్టం, ఔనంటే షెల్ఫ్ చేయి జారుతుంది.

దీనికి దారి ముందే వేసి పెట్టుకోండి. ‘మన జిల్లా రచయితలు’ అని వేరే ర్యాక్ ఒకటి పెట్టి, ఎవరు తెచ్చినా అందులో గౌరవంగా చేర్చండి. ‘మేం మెచ్చినవి’ షెల్ఫ్‌కు మాత్రం ‘సిబ్బందిలో ఎవరో ఒకరు పూర్తిగా చదివి, తమ పేరు వేసి రాస్తేనే వస్తుంది సార్, చదివినంక చెప్తాం’ అనండి. ఆ మాట నిజంగానే పాటించండి. నిజంగా బాగుంటే చీటీ రాయండి కూడా. పార్టీల వైపు, కులం వైపు లాగే పుస్తకాలకూ ఇదే కొలత. ఒక వైపువి రెండు కనిపిస్తే రెండో వైపుది కూడా ఒకటి వెతకండి. లేదంటే ‘ఈ లైబ్రరీ వాళ్ళదే’ అన్న మాట ఊళ్ళో పడుతుంది, అది చెరిపేయడం కష్టం.

ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు మార్చాలి

పేపర్ హాల్‌కూ కౌంటర్‌కూ మధ్య దారిలో పెట్టండి. పేపర్ చదివి లేచిన మనిషి ఇంటికి పోతూ చూడాలి. పుస్తకం వెన్ను కాకుండా అట్ట ముఖం కనిపించేలా నిలబెట్టండి. మోకాళ్ళ నొప్పులవాళ్ళు వంగకుండా అందేలా ఉండాలి. పరీక్షల పుస్తకాల ర్యాక్ పక్కన మాత్రం వద్దు, అక్కడి తోపులాటలో ఇవి కనపడవు.

పుస్తకం ఒకే కాపీ ఉండి, అది బయటికి వెళ్తే చీటీ అక్కడే ఉంచి ‘ఇంకొకరి దగ్గర ఉంది, పేరు రాయించుకోండి’ అని చిన్న అట్ట పెట్టండి. ఇంకొకరు తీసుకెళ్ళారన్నది కూడా సిఫారసే. ఎవరు తీసుకెళ్ళారో మాత్రం చెప్పొద్దు. ఎవరు ఏం చదువుతున్నారన్నది వాళ్ళ సొంత విషయం.

నెలంతా కదలని పుస్తకాన్ని మొహమాటం లేకుండా వెనక్కి పంపండి, అది లైబ్రేరియన్ పెట్టినదైనా సరే. కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9న, నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాల్లో జనం కొత్తగా వస్తారు. అప్పటికి షెల్ఫ్ తాజాగా ఉండేలా చూసుకోండి. బతుకమ్మ, దసరా సెలవులకు ఇంటికొచ్చే పిల్లలు కూడా అమ్మానాన్నల కోసం పుస్తకం తీసుకెళ్తారు, అప్పుడు పెద్దక్షరాలవి ముందు వరుసలో పెట్టండి.

పుస్తకం తిరిగొచ్చినప్పుడు

‘ఎట్లుంది?’ అని అడిగితే ‘మంచిగుంది’ అనే జవాబే వస్తుంది, దానితో పని లేదు. ‘ఎంత దాకా చదివినరు?’ అని అడగండి. సగంలో ఆగితే ఎక్కడ ఆగారో, ఎందుకో చెబుతారు. కౌంటర్ కింద ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకొని పుస్తకం పేరు, ఆ మాట రెండు ముక్కల్లో రాసుకోండి. పాఠకుడి పేరు అక్కర్లేదు. ముగ్గురు ఒకే చోట ఆగారంటే చీటీలో ఏదో దాచినట్టు. తిరగరాయండి. పాఠకుడే ‘నేనూ ఒక చీటీ రాస్తా’ అంటే మాత్రం అట్ట ముక్క వెంటనే చేతికివ్వండి, అదే నియమాలతో.

ఈ నోట్‌బుక్‌తో ఇంకో లాభం ఉంది. శాఖకు వచ్చే పుస్తకాలు ఎక్కువగా జిల్లా గ్రంథాలయ సంస్థ కొని పంపేవే. మున్సిపాలిటీ, పంచాయతీ ఇంటి పన్నుతో పాటు వసూలు చేసే గ్రంథాలయ సెస్సులోంచి ఆ డబ్బు వస్తుంది. ‘మంచి నవలలు పంపండి’ అని లెటర్ పెడితే ఏం పంపాలో వాళ్ళకు తెలియదు. దానికి బదులు, ‘జిగిరి’ ఈ మూడు నెలల్లో బీరువాలో ఖాళీగా లేదు, ఇంకో రెండు కాపీలు కావాలి, ‘యాది’ పెద్దక్షరాల ముద్రణ ఏదైనా ఉంటే ఒకటి అని పుస్తకం పేరు, రచయిత పేరు, ఎన్ని కాపీలో రాసి పంపండి. కింద తేదీ వేసి, ఒక నకలు మీ ఫైల్లో పెట్టుకోండి. తరువాతి కొనుగోలు జాబితా తయారయ్యేటప్పుడు ఆ నకలు చూపించి మళ్ళీ అడగొచ్చు.